చప్పట్ల వరుస

శంకర్రావు సార్ సంగీతం తరగతిలో పిల్లలు రెండు వరుసలుగా కూచుంటారు. కిటికీ పక్కది గొంతు వరుస, గోడ పక్కది చప్పట్ల వరుస. జూన్‌లో బడి తెరవగానే సార్ ఒక్కొక్కరినీ పేటీ దగ్గరికి పిలుస్తాడు. హార్మోనియాన్ని ముంబైలో తెలుగువాళ్ళు కూడా పేటీ అనే అంటారు. ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ, ఎడమ కొసన తనకు అలవాటైన నల్లమెట్టు నొక్కి, "స..." అని కడుపులోంచి గంభీరంగా తీసి, "ఊఁ, అను" అంటాడు. సరిగ్గా అన్నవాళ్ళు కిటికీ వైపు. గరగరమని ఏదో గొణిగినవాళ్ళు గోడ వైపు. ఒకసారి గోడ దగ్గర కూచున్న పిల్ల ఆ బడి వదిలి పోయేదాకా గోడ దగ్గరే. పాట వాళ్ళకూ నోటికొస్తుంది, రాకేం, రోజూ వినేదే కదా. కానీ నోరు తెరవకూడదు. చేతులతో తాళం వెయ్యాలి.

ఇందులో తప్పుందని ఆయన ఏనాడూ అనుకోలేదు. తప్పు మాట అటుంచి, దయ చూపిస్తున్నాననే అనుకున్నాడు. గొంతు లేని పిల్లను బయటికి గెంటకుండా చేతికో పని ఇచ్చాడు, ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆయనకు పేటీ నేర్పిన భజన మండలి బుచ్చన్న కూడా ఇట్లాగే చేసేవాడు. "పేటీ జరగదురా, పిల్లలే జరగాలె" అనేవాడు బుచ్చన్న. గురువు గొంతు ఏ మెట్టు మీద ఉంటే శిష్యులందరి గొంతూ ఆ మెట్టు మీదికి రావలసిందే. వచ్చినవాడు పాటగాడు, రానివాడు పక్కన కూచుని తాళాలు కొడతాడు. కామాఠీపురా గల్లీల్లో భజనలన్నీ ఇట్లాగే సాగాయి. శంకర్రావు దాన్ని మున్సిపాలిటీ బడిలోకి తెచ్చుకున్నాడు, అంతే తేడా.

ఆ తెలుగు బడిలో ఇప్పుడు మిగిలిన పిల్లలే కొద్దిమంది. తాతలనాడు మేడలు కట్టడానికి వచ్చి ఇక్కడే చాళ్ళల్లో, ఇంటికో గది ఉన్న పాత మేడల్లో, స్థిరపడ్డవాళ్ళు మనవల్ని ఇంగ్లీషు బళ్ళల్లో వేస్తున్నారు. ఈ బడికి వచ్చేది చాలావరకు మహబూబ్‌నగర్ నుంచి కొత్తగా కూలికి దిగినవాళ్ళ పిల్లలు. అందరినీ ఒక గదిలో కుదేస్తేగాని పాటకు బలం రాదు. అట్లాంటి బడికి దాదర్‌లో తెలుగువాళ్ళ హాల్లో జరిగే పిల్లల పాటల పోటీకి పిలుపొస్తే మాటలా? పదిమంది పిల్లలు, ఒక పాట, శనివారం పొద్దున. శంకర్రావు పాట తానే కట్టాడు.

"సముద్రమా సముద్రమా, మా గల్లీకి వస్తవా,
మెట్ల మీద కూసుండి మా ముచ్చట వింటవా."

పల్లవి ఫరవాలేదు, ఎవరైనా పాడతారు. అసలు గొప్పంతా చరణంలో ఉంది. "లోతు లోతు నీ లోతెంత" అన్నచోట స్వరం మెట్టు మెట్టు దిగి అడుక్కి పోతుంది. అది శంకర్రావు పాడితే వినాలి. బావిలో చేద దిగినట్టు దిగుతుంది గొంతు. ఆ ఒక్క లైను కోసమే ఆయన ఆ పాట కట్టాడని వినేవాళ్ళకు తెలిసిపోతుంది. ఆయనకు కూడా లోపల తెలుసు.

మంగళవారం నాడు ఆ లైను మీదే కూచున్నారు. గొంతు వరుసలో అనికేత్ ముందు నిలబడి దించుతున్నాడు. అయిదో తరగతి పిల్లవాడు, కొంచెం బండగొంతు, సార్‌కు కంటిదీపం. మిగతా తొమ్మిదిమంది వాడి వెనకాల పడుతూ లేస్తూ దిగుతున్నారు. గోడ వరుస చప్పట్లు కొడుతోంది. ఉన్నట్టుండి గోడ వరుసలోంచి మౌనిక లేచి నిలబడింది.

మౌనిక నాలుగో తరగతి. ఈ జూన్‌లోనే వచ్చి చేరింది. తల్లిదండ్రులు కిష్టమ్మ, యాదయ్య నాగ్‌పాడాలో లేస్తున్న పెద్ద బిల్డింగు మీద కూలిపని చేస్తారు.

"సార్, నేను గూడ పాడ్త" అంది.

పిల్లలంతా చప్పట్లు ఆపి అటు తిరిగారు. గోడ వరుసలోంచి ఇట్లా ఎవరూ లేవలేదు ఎప్పుడూ.

"జూన్ల చూసినం గదనే" అన్నాడు శంకర్రావు.

"అప్పుడు రాలే సార్. ఇంట్ల మంచిగనే పాడ్త."

"ఇంట్ల అందరు మంచిగనే పాడ్తరు. ఇక్కడ రావాలె." ఆయనకు కోపం రాలేదు. ఒక్కసారి చూపిస్తే తనే కూచుంటుందనుకున్నాడు. "రా, ఇటు రా. లోతు లోతు అను."

నల్లమెట్టు నొక్కి, తాను ఒకసారి పాడి చూపించాడు. మౌనిక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, ఆయన గొంతు ఎక్కడుందో అక్కడికి దిగబోయింది. దిగలేదు. గరగరమంది. తలుపు కీలులాంటి శబ్దం. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అదే. గొంతు వరుస కిసుక్కుమంది. చప్పట్ల వరుస కూడా నవ్వింది. తమలో ఒకతె కిటికీ వైపు పోబోయి పోలేకపోయిందన్న తృప్తి కాబోలు, వాళ్ళే ఎక్కువ నవ్వారు.

"చూసినవా? నీకు గొంతు లేదు బిడ్డా. ఎవరి తప్పు గాదు. పో, నీ తాళం మంచిగున్నది, అది ఎయ్యి."

ఎంత నెమ్మదిగా అన్నాడో. తిట్టి ఉంటే బాగుండేది, పిల్ల తిరిగి ఏదైనా అనుకునేది లోపల. అంత నెమ్మదిగా చెప్పిన మాట నిజం కాక మరేమవుతుంది? మౌనిక వెళ్ళి గోడకు ఆనుకుని కూచుని తాళం వేసింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

సాయంత్రం బడి వదిలేసరికి గేటు దగ్గర కిష్టమ్మ నిలబడి ఉంది. చీర మీద మగవాళ్ళ చొక్కా, మోచేతుల దాకా ఎండిన సిమెంటు. పని మధ్యలోంచి వచ్చిందని చూడగానే తెలుస్తోంది. శంకర్రావును చూసి కొంగు సర్దుకుంది.

"సారూ, శనారం దాదర్‌కు పోతరంట గద. పిల్లకు ఏ రంగు గౌను తొడగాలె? మేస్త్రిని పూట సెలవడిగిన. నేను గూడ అస్త, దూరంకెల్లి వింట."

శంకర్రావుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అయ్యాక కిష్టమ్మ పక్కకు చూశాడు. మౌనిక తల్లి చొక్కా అంచు పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. కళ్ళార్పకుండా. ఆ చూపులో ఏముందో ఏ కన్నున్నవాడికైనా తెలుస్తుంది. అబద్ధం చెప్పాను, పట్టివ్వకండి అని. ఒక్క మాట, చూద్దాంలేమ్మా అంటే సరిపోయేది. ఆ రాత్రికి పిల్ల బతికిపోయేది. కానీ శంకర్రావు ఉన్నమాట చెప్పే మనిషి. ఉన్నమాట అనేది తన దగ్గరే ఉందని నమ్మకం కూడా.

"నీ బిడ్డ పాటల లేదమ్మా. చప్పట్లు గొడ్తది. దాదర్‌కు పాడేటోళ్ళే పోతరు" అన్నాడు.

 కిష్టమ్మ సిమెంటు చేతిని చొక్కాకు రుద్దుకుంది. "మా పనికాడ ఆడోళ్ళందరికీ చెప్పిన సారూ" అంది చివరికి. "సరే. మాకేం తెల్సు. ఇంట్ల పాడ్తె మంచిగనే ఉన్నట్టు అనిపిస్తది మాకు." పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. గల్లీ మలుపు దగ్గర ఆగి, అబద్ధమాడినందుకు ఒక్కటంటే ఒక్కటే దెబ్బ వేసింది వీపు మీద. శంకర్రావు చూశాడు. పిల్లలకు నిజం చెప్పడం నేర్పాలి కదా అనుకుని గొడుగు తెరిచి తన చాళ్‌వైపు నడిచాడు.

ఆ రాత్రంతా వాన. బుధవారం పొద్దున బళ్ళో గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. పేటీ మూత తీసి తిత్తి ఆడించి నల్లమెట్టు నొక్కితే చప్పుడు లేదు. పక్క మెట్టు, దాని పక్క మెట్టు, ఎడమ వైపంతా అంతే. కొన్ని మెట్లు ఉబ్బి దిగబడితే లేవడం లేదు, కొన్ని దిగినా లోపల రీడు పలకడం లేదు. పుల్లతో గెలికాడు, గుడ్డతో తుడిచాడు. దాదర్‌లో పేటీలు బాగుచేసే మంగేష్‌కు ఫోన్ చేస్తే, గణపతి పండుగ ముందు పేటీలు గుట్టలు పడి ఉన్నాయి, వారం దాకా మాట్లాడకండి అన్నాడు. మరి శనివారమేమో పోటీ.

కుడివైపు సగం పలుకుతోంది. దాంతోనే కానివ్వాలి. శంకర్రావు చిరాగ్గా, ఎప్పుడూ మొదలుపెట్టే చోటు నుంచి చాలా మెట్లు పైకి జరిగి అక్కడ ‘స’ పట్టాడు. పాడబోతే గొంతు పట్టు దొరకలేదు. పల్లవి ఎట్లాగో లాక్కొచ్చాడు, చరణం ఎత్తుకోగానే గొంతు చీలి దగ్గు వచ్చింది. ఆపేశాడు. "మీరు కానీండ్రి, నేను వాయిస్త" అన్నాడు గొంతు వరుసతో.

వాళ్ళు అందుకున్నారు. కొందరు అందుకున్నారు. అనికేత్ మెడ నరాలు ఉబ్బించి పైకెక్కబోయి మధ్యలో జారిపోయాడు. వాడి వెనక నడిచే అలవాటున్న తొమ్మిదిమందీ వాడితో పాటు చెదిరిపోయారు. పాట ఆగిపోవలసిందే. ఆగలేదు.

గోడ వైపు నుంచి వస్తోంది. చప్పట్ల మీదే, చప్పట్లతో పాటు. మొదట మూడో తరగతి రమేష్, తర్వాత వాడి పక్క పిల్ల, తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. పాడకూడదన్న సంగతి మరిచిపోయారు వాళ్ళు. ఇన్ని వారాలుగా వింటున్న పాట, నోటిదాకా వచ్చి ఆగిన పాట, ఆ మెట్టు మీద పేటీ పలకగానే దానంతటదే బయటికి వచ్చేసింది. లోతు లోతు నీ లోతెంత. మెట్టు మెట్టుగా దిగి, అడుగు తాకి, మళ్ళీ పైకి వచ్చింది. గరగర లేదు. ఒక్కరికీ లేదు.

శంకర్రావు చెయ్యి తిత్తి మీద ఆగిపోయింది. పేటీ ఆగేసరికి పిల్లలకు తెలివొచ్చి గబుక్కున నోళ్ళు మూసుకున్నారు. రమేష్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు, దెబ్బలు పడతాయని.

"ఎవరు పాడమన్నరు?" అన్నాడు శంకర్రావు. తన గొంతు తనకే వేరేవాళ్ళదిలాగా వినిపించింది.  "మల్ల పాడుండ్రి" అన్నాడు.

మళ్ళీ పాడారు. ఈసారి భయంతో పాడారు, అయినా తప్పలేదు. ఆయన పేటీ మీద ఇంకో మెట్టు పైకి జరిగాడు, ఇంకా బాగా పాడారు. ఎడమకు పలికినంత మేర కిందికి దించాడు. ఇద్దరు గొణగడం మొదలుపెట్టారు. ఇంకొక్క మెట్టు దించితే నలుగురు. అంతే. ఇందులో మర్మమేమీ లేదు. పిల్లల గొంతు పైన ఉంటుంది, ఆయన గొంతు అడుగున ఉంటుంది. అడుగున నిలబడి రండ్రా అని పిలిచాడు ఇన్నాళ్ళూ. దిగగలిగిన కొద్దిమందిని పాటగాళ్ళన్నాడు, దిగలేనివాళ్ళను గోడకు ఆనించాడు. కాలు జారినట్టయింది మనిషికి. కూచున్న చోటే కూచున్నాడు కానీ చేత్తో నేల పట్టుకున్నాడు.

"సార్" అన్నాడు అనికేత్. "నేను ఇప్పుడు గోడకు పోవాల్నా?"

"ఒద్దురా. ఎవరు ఏడికి పోవద్దు. నీ మెట్టు వేరే ఉన్నది, రేపు చూద్దాం."

అప్పుడు గమనించాడు. గోడ వరుసలో మౌనిక నోరు తెరవలేదు. అందరూ పాడినా ఆమె పాడలేదు. తలొంచుకుని తాళం వేస్తోంది.

"మౌనికా, నువ్వు పాడలేదేందిరా?"

"నాకు గొంతు లేదు సార్" అంది మౌనిక.

కోపంగా అనలేదు, అలిగి అనలేదు. పేరడిగితే పేరు చెప్పినట్టు చెప్పింది. నిన్న ఆయన ఎంత నెమ్మదిగా అన్నాడో అంత నెమ్మదిగా. శంకర్రావు పేటీని రెండు చేతులతో ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి, ఆ పిల్ల ముందుకు తీసుకుపోయి పెట్టాడు. పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. ఆ పేటీ తానున్న చోటు నుంచి కదలడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

"గా పాట ఒద్దు. ఇంట్ల ఏం పాడ్తవో అది పాడు. నేను పాడను, నువ్వు పాడంగ ఎతుక్కుంట."

మౌనిక తల ఎత్తలేదు. బతిమాలాడు. బతిమాలడం ఆయనకు చేతకాదు, ప్రతి మాటా ఆజ్ఞలాగే వస్తుంది. చివరికి రమేష్ మోచేత్తో పొడిచి, "పాడవే, సార్ ఏం అంటలేడు" అన్నాడు. మౌనిక గోడవైపు తిరిగి, గోడకే చెబుతున్నట్టు, ఊళ్ళో బర్రెను ఇంటికి పిలుచుకునే పాట ఒకటి అందుకుంది. శంకర్రావు తిత్తి ఆడిస్తూ కుడిచేతి వేలితో ఆమె గొంతు కోసం వెతికాడు. ఇది కాదు, ఇది కాదు, ఇదీ. దొరికింది. తన ‘స’కు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. చెయ్యి చాపితేగాని అందదు.

ఆ పాట అయ్యాక అదే మెట్టు మీద సముద్రం పాట వాయించాడు. మౌనిక ఈసారి గోడవైపు తిరగలేదు.

గురువారం పొద్దున్నే పెద్దబాయి దగ్గరికి, అంటే హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి, దాదర్‌కు పిల్లలు మారతారని చెప్పాడు. రెండు రోజుల ముందు ఇదేం పని సార్ అని ఆవిడ నుదురు చిట్లించింది. విని చెప్పండి అన్నాడు. విన్నది. ఇన్నేళ్ళు ఈ పిల్లలంతా ఎక్కడున్నారు అని నవ్వుతూ అడిగి వెళ్ళిపోయింది. ఆవిడకేం, ఊరికే అడిగింది. ఆ మాట శంకర్రావు మెదడులో మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంది.

రోజంతా ఒక్కొక్కరినీ కూచోబెట్టుకుని పేటీ జరిపాడు. అనికేత్‌కు కొంచెం కింద, రమేష్‌కు బాగా పైన, అందరికీ కలిసే చోటు ఎక్కడో మధ్యలో. ఆ మధ్య మెట్టు మీద పదిమందినీ నిలబెట్టాడు. అయిదుగురు కిటికీ వైపువాళ్ళు, అయిదుగురు గోడ వైపువాళ్ళు. తాను పాడలేదు. పాడితే పిల్లలు ఆయన వెనకాలే కిందికి వస్తున్నారు. నోరు మూసుకుని వాయించడం ఎంత కష్టమో ఆయనకు ఈ వయసులో తెలిసింది. చరణం దగ్గర పెదాలు కదులుతుంటే పళ్ళతో పట్టుకున్నాడు.

బడి వదిలాక సరాసరి నాగ్‌పాడా వెళ్ళాడు. ఆకుపచ్చ వల కప్పిన బిల్డింగు కింద కిష్టమ్మ ఇసుక జల్లెడ పడుతోంది. ఆయనను చూసి జల్లెడ పక్కన పెట్టి, పిల్ల ఏం తప్పు చేసిందో అన్నట్టు బెదురుగా లేచింది.

"శనివారం మౌనిక పాడ్తది. తెల్ల గౌను ఉంటె తెల్లది, లేకుంటె ఏదైన మంచిదే" అన్నాడు శంకర్రావు.

"సెలవొద్దని మేస్త్రికి నిన్ననే చెప్తి సారూ." కిష్టమ్మ చేతులకంటిన ఇసుక దులుపుకుంది. "మల్ల అడుగుత తియ్యి. తిడ్తె తిట్టనీ." తర్వాత ఆయన మొహంలోకి చూసి, "మరి మొన్న పాటల లేదంటిరి?" అంది.

ఇదే సమయం. తప్పు నాదమ్మా, నీ బిడ్డకు బంగారంలాంటి గొంతు, నేను మొద్దువాణ్ణి అని చెప్పడానికే వచ్చాడు ఇంత దూరం. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తీరా నోరు తెరిస్తే, "పేటీ ఖరాబుండె అమ్మా" అన్నాడు.

"ఓ, గట్లనా" అంది కిష్టమ్మ. మొహం విప్పారింది. "పాపం అనవసరంగ పిల్లను గొట్టిన."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పేటీకి ఏ ఖరాబూ లేదు. బాగున్నన్నాళ్ళూ అది ఆయన చెప్పినట్టే చేసింది. ఖరాబయ్యాకే కదా నిజం చెప్పింది. వెనక్కి తిరిగి ఆ మాట చెప్పి రావాలనుకున్నాడు, నాలుగడుగులు వేసి ఆగాడు. కిష్టమ్మ అప్పటికే మళ్ళీ జల్లెడ పట్టుకుంది, పక్కన ఆడవాళ్ళతో ఏదో చెబుతూ నవ్వుతోంది. ఆయన కామాఠీపురా దారి పట్టాడు. ఇంటికి పోలేదు. రెండు గల్లీల అవతల కూతురు నీత ఉండే చాళ్ మెట్లు ఎక్కాడు.

నీతది చివరి గది. గడప దగ్గర వెలుతురుకు కూచుని చీరకు ఫాల్ కుడుతోంది, గిరాకీ చీర. లోపల మంచం మీద అయిదేళ్ళ ప్రియాంక జ్వరపడి లేచిన మొహంతో పడుకుని ఉంది. చెవి పక్కన ఫోన్. ఫోన్‌లో ఎవరో ఆడమనిషి తీయగా జోల పాడుతోంది.

"ఏంది బాపూ, ఈ యాళ్ళప్పుడు? చాయ్ పెట్టనా?"

"ఒద్దు బిడ్డా." గడపకు ఇవతల, గదుల ముందు పొడుగునా సాగే గ్యాలరీలో స్టూలు మీద కూచున్నాడు. ఫోన్‌వైపు చూశాడు. "పిల్లను పండవెట్టేటప్పుడు నువ్వు పాడవా?"

నీత నవ్వింది. "నేనా? నువ్వే గద గోడకు కూసోవెట్టినవ్. అత్తగారింట్ల గూడ చెప్త, మా బాపు సంగీతం సారు, నేను చప్పట్ల పిల్లను అని. అందరు మస్తు నవ్వుతరు."

"ఇంట్ల పాడుకుంటె ఎవరొద్దన్నరే?"

"ఎవరొద్దనలే." సూది గుచ్చి లాగింది. "నాకే భయం. నా గొంతు ఇనుకుంట పెరిగితే దీనికి గూడ గట్లనే అస్తదేమో అని. అందుకే పుట్టినకాడికెల్లి ఫోన్ పెడ్త. ఫోన్ల అందరు మంచిగ పాడ్తరు గద, మంచిది చెవుల పడ్తదని."

 బిడ్డ పుట్టిన నాటి నుంచీ నోరు కట్టుకుని పెంచింది ఇది. అత్తగారు కాదు, మొగుడు కాదు, తాను కట్టాడు ఆ నోరు. అప్పుడు నీతకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. అందరి పిల్లల్లాగే పిలిచాడు, అందరిలాగే ‘స’ అనమన్నాడు. సంగీతం సార్ తన కూతురని కూడా చూడలేదు, ఎంత న్యాయం గల మనిషి అని టీచర్లు మెచ్చుకుంటే పొంగిపోయాడు.

"నీతా, నీకు గొంతున్నది" అన్నాడు. "నేను పెట్టిన మెట్టే తప్పు. నాది అడుగు గొంతు బిడ్డా, పిల్లలకు అందది. అందరిని నా గొంతు మీదికే రమ్మన్న. నిన్ను గూడ. తప్పు నాది. పేటీది గాదు, నీది గాదు."

సూది పట్టిన చెయ్యి ఆగింది. నీత మొహం ఎత్తలేదు. "ఎప్పుడు తెల్సింది నీకు?"

"నిన్న."

  నీత దారం పళ్ళతో కొరికి, చీర మడిచి పక్కన పెట్టింది. లోపలికి చెయ్యి చాపి ఫోన్ ఆపింది. గడప దగ్గర బాసింపట్టు వేసుకుని, చిన్నప్పుడు పేటీ ముందు కూచున్నట్టే వీపు నిటారుగా పెట్టుకుని కూచుంది. మొహంలో ఏదో వెలుగు. ముప్పయ్యేళ్ళ మనిషి మొహం కాదది.

"సరే, శ్రుతి ఇయ్యి" అంది.

శంకర్రావు స్టూలు మీద నిటారుగా సర్దుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కడుపులోంచి గంభీరంగా, "స..." అన్నాడు.

నీత అందుకోబోయింది. గడ్డం ఛాతీకి ఆనింది. గరగరమంది గొంతు. ఇంకోసారి దిగబోయింది, మళ్ళీ గరగర. మంచం మీద ప్రియాంక కిలకిలా నవ్వి, "మమ్మీ, కాయ్ ఝాలం?" అని మరాఠీలో ఏమైందని అడిగింది.

అప్పుడు కళ్ళు తెరిచాడు శంకర్రావు. ఏం చేశాడో అప్పుడు తెలిసింది. పేటీ ముందు లేనప్పుడు ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క ‘స’ మాత్రమే.

"ఆగు, ఆగు బిడ్డా, నేనే తప్పిచ్చిన, ఆగు." పైకి ఎక్కబోయాడు. బళ్ళో పిల్లలు పాడిన మెట్టు చెవిలో వినిపిస్తూనే ఉంది, గొంతుకు మాత్రం దొరకడం లేదు. ఎక్కాడు, చీలింది. మళ్ళీ ఎక్కాడు, దగ్గు ముంచుకొచ్చింది. కళ్ళ వెంబడి నీళ్ళు కారేలా దగ్గాడు. నీత లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, వీపు నిమిరింది.

"పేటీ కావాలె" అన్నాడు ఊపిరి అందాక. "రేపు పిల్లలు పోయినంక బడికి రా. నీ మెట్టు ఏడున్నదో ఎతుకుదాం. అయిదు నిమిషాల పని. ఉన్నది బిడ్డా, నీకు ఖాయంగ ఉన్నది."

నీత చెంబు తీసుకుని లోపల పెట్టి వచ్చింది. మళ్ళీ చీర విప్పి ఒళ్ళో వేసుకుంది. సూదిలోకి దారం ఎక్కించింది.

"ఒద్దు బాపూ" అంది.

"ఎందుకే?"

"లేదనుకున్నన్ని దినాలు మంచిగనే ఎల్లిపోయినయ్. ఇప్పుడు ఉన్నదని తేలిందనుకో, మరి ఇన్నేండ్లు ఏమాయె అని కూసుంట. నీ మీద కోపమస్తది." ముడి వేసింది. "నాకు నీ మీద కోపం రావొద్దు."

  క్షమించమనడానికి కూడా వీల్లేని చోట కూచోబెట్టింది కూతురు, ఎంత నెమ్మదిగా కూచోబెట్టిందో.

"అచ్చే జూన్ల ఇది నీ బడికే అస్తది గద" అంది నీత, మంచంవైపు తలూపి. "దీనికి మాత్రం నీ ‘స’ ఇయ్యకు."

"ఇయ్యను."

ప్రియాంక ఫోన్ కోసం మారాం చేసింది. నీత చెయ్యి చాపి మళ్ళీ పెట్టింది. ఫోన్‌లో ఆడమనిషి పాట ఆగిన చోటు నుంచి అందుకుంది. పిల్ల కళ్ళు వాలుతున్నాయి. శంకర్రావు స్టూలు మీద అట్లాగే కూచుని కూతురి మొహమే చూస్తున్నాడు. ఆ పాట ఆమెకు నోటికి వచ్చునని, ప్రతి మాటా వచ్చునని ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది. సూది వరుసగా దిగుతోంది, లేస్తోంది. పెదాలు మాత్రం కదల్లేదు.